నాలుగు లెక్కపెట్టేలోపు

ఆపరేషను గది తలుపు మీద ఎర్రదీపం వెలిగి ఇరవై నిమిషాలయినా మాస్టారు ఇంకా కూర్చోలేదు. గోడవారన నాలుగు ఇనప కుర్చీలు ఒకే కడ్డీకి బిగించి ఉన్నాయి, మూడోదానికి ఒక బోల్టు లేదు, చివర కూర్చున్న మనిషి కాస్త కదిలినా వరసంతా కిర్రుమంటోంది, ఆరు మిల్లీమీటర్ల బోల్టు సరిపోతుంది, సంచిలో ఉండే ఉంటుంది, ఛీ, ఇప్పుడు బోల్టు గోలేమిటి, లోపల ఆ పిల్ల చెయ్యి బల్లమీద ఉంటే ఇక్కడ తన బుర్ర కుర్చీకి బోల్టు వెతుకుతోంది. అలవాటు చావదు కదా. చేతులూ అంతే. ఎప్పుడు వెనక్కి వెళ్లాయో తెలియదు, నడుం మీద చేరి కుడిచెయ్యి ఎడమ మణికట్టుని పట్టుకుంది, పదమూడేళ్లుగా క్లాసులో పట్టుకున్నట్టే. చొక్కా చేతి అంచున రక్తం ఎండి అట్టకట్టింది, వేలితో తడిమితే గరగరమంటోంది. చేతులెనక మాస్టారని పిల్లలు పెట్టిన పేరు ఊరికే పుట్టలేదు. పేర్లు పెట్టడంలో పిల్లల్ని మించినవాళ్లు లేరు, అమ్మానాన్నలు పెట్టిన పేరు కాగితాలకి పనికొస్తుంది, పిల్లలు పెట్టింది కాటిదాకా వస్తుంది.

చివరి కుర్చీలో ఉన్నది పిల్ల తండ్రి, దర్జీ. బడి నుంచి ఫోను రాగానే ఉన్నపళంగా లేచి వచ్చాడు, మెడలో కొలత టేపు అలాగే వేలాడుతోంది, చొక్కా జేబు అంచుకి రెండు గుండుసూదులు గుచ్చినవి గుచ్చినట్టే ఉన్నాయి. పిల్ల తల్లి పొరుగూరి నుంచి బస్సులో వస్తోంది, ఆమెకి వేలు కోసుకుందని మాత్రం చెప్పారు. వచ్చీ రాగానే దర్జీ అడిగింది ఒక్కటే, ‘‘ఎలా జరిగింది మాస్టారూ?’’ మాస్టారు చెప్పిందీ ఒక్కటే, ‘‘అంతా క్షణంలో జరిగిపోయిందండీ.’’ ఆ ముక్క అనడం అది మూడోసారి. మొదట అంబులెన్సులో నర్సుకి, తర్వాత ఫోనులో బడి పెద్దమేడంకి. ‘‘క్షణంలోనే కదండీ జరిగేది, ఎవరడిగినా అదే చెప్పండి, మీరు కంగారుపడకండి,’’ అంది పెద్దమేడం, పాపం మంచి మనసుతోనే అంది. మొదటిసారి ఆ మాట తడబడుతూ వచ్చింది. మూడోసారికి నల్లేరుమీద బండినడకే. దర్జీ తలూపి, ‘‘మీరు మాత్రం ఏంచేస్తారు లెండి,’’ అని పక్కకి జరిగి కూర్చోమని చోటిచ్చాడు. ఆ చోటులో కూర్చోలేకే మాస్టారు నిలబడి ఉన్నాడు.

క్షణం కాదు. ఎదురుగోడ మీద గడియారం ఉంది, సెకన్ల ముల్లు ఒక్కో గీతకీ చిన్న గెంతు గెంతి ఆగుతుంది, దాంతోపాటు లోపల లెక్క మొదలవుతుంది, ఒకటి, రెండు, మూడు, నాలుగు, అక్కడ తెగిపోతుంది, మళ్లీ ఒకటి. ఎంత ప్రయత్నించినా ఐదు రాదు. పది దాకా లెక్కపెట్టడం ఆయన పద్ధతి. పిల్లలు రోబో తయారుచేస్తూ తప్పు చేస్తుంటే చూస్తాడు, నోరు మెదపడు, చేతులు వెనక్కి కట్టుకుని మనసులో పది లెక్కపెడతాడు, నూటికి తొంభైసార్లు ఏడు దాటకుండా పిల్లలే ‘అయ్యో’ అని నాలిక కరుచుకుంటారు. మోటారు తీగలు రెండూ తారుమారు చేసి బండి ముందుకు పొమ్మంటే వెనక్కి పోతుంటుంది, పోనీ అంటాడు. మొక్కలకి నీళ్లు పోసే రోబో పోయినేడు లెక్కల టీచరు బూట్లకి నీళ్లు పోసింది, అదీ పోయనీ అన్నాడు, లెక్కల టీచరు ఇప్పటికీ మాట్లాడడు. ముందు బొమ్మ గియ్యి, తర్వాత కొలువు, ఆ తర్వాతే కత్తెర పట్టు, చెడితే నీదే, కుదిరితే నీదే. పక్క బళ్లవాళ్లు కూడా వచ్చి చూసేవారు. నా చేతులు కనిపిస్తే వాళ్ల బుర్ర పడుకుంటుంది అని వాళ్లకి చెప్పేవాడు, ఎంత గొప్పగా చెప్పేవాడు.

అదంతా నాన్న వల్ల. అన్నిటికీ నాన్నని అనడం ఏభై దాటినవాడికి తగదు గాని నిజం నిజమే. నాన్న రేడియోలు బాగుచేసేవాడు, దేవుడు ఆ చేతికి పనితనం ఇచ్చి ఓపిక ఇవ్వడం మర్చిపోయాడు. తను స్క్రూ సూటిగా పెట్టి రెండు తిప్పులు తిప్పేలోగా పక్కనుంచి చెయ్యి వచ్చేది, ‘‘ఇటివ్వు.’’ తీగ చివర గీకుతుంటే, ‘‘ఇటివ్వు.’’ టంకం వేయడానికి ఊపిరి బిగబట్టి వంగితే, ‘‘ఇటివ్వు, నీ వల్ల కాదు.’’ ఇంటినిండా పాడే రేడియోలే, ఒక్కటంటే ఒక్కటి తను పాడించింది లేదు. నాన్న పోయాక పాతికేళ్ల వయసులో ఆ బల్ల ముందు ఒక్కడూ కూర్చుని ఒక అతుకు మొదటినుంచి చివరిదాకా తనే వేశాడు, వంకరగా గోళీలా వచ్చింది, దాన్ని చూసి ఏడ్చాడు, నాన్న పోయినప్పుడు కూడా అంతగా ఏడవలేదు. ఏ పిల్ల చేతిలోంచీ ఏదీ లాక్కోను అని అప్పుడే అనుకున్నాడు. మంచి మాటే. ఎవరికి చెప్పినా మంచి మాటే అంటారు. మంచి మాట పట్టుకుని వేలాడితే కూడా చెడు జరుగుతుందని ఎవరూ చెప్పరు, చెప్పినా వినే రకం కాదు తను.

పేచీ అయితే ఆ మాట మీదా పేచీ పెట్టేది. పేచీ అంటే ఈ పిల్లే, దర్జీ కూతురు, పన్నెండు నిండి పదమూడో ఏడు, ఏం చెప్పినా ‘‘ఎందుకు సార్’’ అని మొదలుపెట్టేది కాబట్టి క్లాసంతా కలిసి ఆ పేరు ఖాయం చేసింది. ఈ ఏడు ఎవరి రోబో వాళ్లే అనుకుని గియ్యమంటే ముప్ఫైమంది ముప్ఫై యుద్ధవాహనాలు గీశారు, ఆ పిల్ల ఒక చెయ్యి గీసింది. చక్రాల బండి మీద చెయ్యి. నాన్నకి నడుంనొప్పి సార్, వంగలేడు, గుండీలు పడితే మిషను కిందికి దొర్లిపోతాయి, ఇది వెళ్లి ఏరుకొస్తుంది. ‘‘అయస్కాంతం పెడితే పోలేదా?’’ అన్నాడు మాస్టారు కావాలనే. ‘‘సూదులకైతే పోతుంది సార్. గుండీ ప్లాస్టిక్కు కదా, అయస్కాంతాన్ని చూసి నవ్వుతుంది.’’ చేతికి మూడే వేళ్లు గీసింది. ఐదెందుకు పెట్టలేదే అని పక్క బెంచీ అడిగితే, గుండీ ఎత్తడానికి మూడు చాలు అంది, నాలుగోది దండగ అంది, ఎవరెన్ని చెప్పినా దిగలేదు. నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్లు అని ఏడిపిస్తే, ‘‘కాళ్లు కాదు, వేళ్లు,’’ అని సరిదిద్దింది. క్లాసంతా పడీ పడీ నవ్వింది, మాస్టారూ నవ్వాడు, చేతులు వెనకే ఉంచుకుని. ఇప్పుడా నవ్వు చెవిలో మోగుతుంటే చెవులు మూసుకోవాలనిపిస్తోంది.

రెండు నెలలు ఆ చెయ్యి గుండీని ఎత్తడం, వదిలేయడం. నోటుపుస్తకంలో రోజూ తేదీ వేసి పక్కన ‘పడిపోయింది’ అని రాసేది, పడిపోయింది, పడిపోయింది, నలిగిపోయింది, మళ్లీ పడిపోయింది, ఒకచోట ‘గాల్లో ఆగి ఆలోచించి పడిపోయింది’ అని రాసింది. వేళ్లు బిగించిన అట్ట వంగిపోతోందని తనే కనిపెట్టింది, అరచెయ్యి గట్టిగా లేకపోతే వేళ్లేం చేస్తాయి సార్ అంది, అల్యూమినియం రేకుతో చేస్తానంది. వేలికి రెండు రంధ్రాలు, మూడు వేళ్లకి ఆరు. ఆరు రంధ్రాలు పడితే అయిపోయింది. ఇవాళ సాయంత్రం నాన్నని బడికి రమ్మంది, పిడికెడు గుండీలు జేబులో వేసుకుని మరీ రమ్మంది. దర్జీ జేబులో ఇప్పుడు కూడా అవి ఉన్నాయి కాబోలు, ఆయన కదిలినప్పుడల్లా చిన్నగా చప్పుడు.

ఒకటి, రెండు. పొద్దున్న పది గంటల ఎండ కిటికీలోంచి డ్రిల్లు బల్ల మీద పడుతోంది. గోడకి తను రాసి అంటించిన కాగితం, ముందు బిగించు, తర్వాత తిప్పు. పిల్ల కళ్లద్దాలు పెట్టుకుంది, జడ మడిచి లోపలికి దోపుకుంది, అన్నీ చూశాడు, ఏ ఒక్కటీ వదలకుండా చూశాడు. మొదటి రంధ్రం, రేకు క్లాంపులో బిగించింది, పిడి కిందికి లాగింది, వెండిరంగు పొట్టు సుడి తిరిగి రాలింది. రెండోది, మూడోది, నాలుగోది, ఐదోది. ప్రతిసారీ క్లాంపు వదులు చేసి, రేకు జరిపి, మళ్లీ బిగించి. ఎంత పద్ధతి. దర్జీ బిడ్డ మరి. ఆరోదానికి క్లాంపు వదులు చేసింది, జరిపింది, ఎడమచెయ్యి రేకు మీద పెట్టింది, కుడిచెయ్యి పిడి మీదికి వెళ్లింది. బిగించలేదు. చూశాడు. డ్రిల్లు ఆపే ఎర్రమీట తన మోచేతికి బెత్తెడు దూరం. డ్రిల్లు దగ్గర ఎవరున్నా మాస్టారి చెయ్యి ఎర్రమీట మీదే ఉండాలన్నది తను పెట్టుకున్న నియమమే, మొదటి రెండుమూడేళ్లు అలాగే ఉండేది, తర్వాత ఎప్పుడో అది కూడా మిగతా నియమాల్లో కలిసిపోయి వెనక్కి వెళ్లిపోయింది. ఒకటి. చూసుకుంటుంది. రెండు. ఇంత తెలివైన పిల్ల చూసుకోదా. మూడు. ఇప్పుడు ‘అయ్యో’ అంటుంది, నాలిక కరుచుకుని ఇటు చూసి నవ్వుతుంది. ఆ నవ్వు కోసం చూస్తున్నాడు, అదీ అసలు సంగతి, పిల్ల నేర్చుకోవాలని కాదు, నేర్చుకున్నప్పుడు వెలిగే ఆ ముఖం తనకి కావాలి, పదమూడేళ్లుగా దానికి మరిగాడు. నాలుగు. రేకు చక్రంలా తిరిగింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడు వచ్చాయి చేతులు ముందుకి. మీట నొక్కాయి, గుడ్డ చుట్టాయి, గట్టిగా అదిమి పట్టుకున్నాయి. పిల్ల ఏడవలేదు, తన చేతికేసి కాదు, బల్ల కింద పడ్డ రేకుకేసి చూస్తూ, ‘‘ఆరోది పడిందా సార్?’’ అంది.

‘‘కూర్చోండి మాస్టారూ, ఎంతసేపని నిలబడతారు,’’ అన్నాడు దర్జీ. కూర్చున్నాడు. కుర్చీలు కిర్రుమన్నాయి. ఒళ్లో సంచి పెట్టుకున్నాక గాని అందులో పిల్ల నోటుపుస్తకం ఉందని గుర్తురాలేదు, కంగారులో ఎందుకు తెచ్చాడో తెలియదు, కళ్లద్దాలు, పుస్తకం, రెండూ ఉన్నాయి. దర్జీ చెయ్యి చాపాడు. ఇవ్వకుండా ఎలా ఉంటాడు, ఆయన బిడ్డ పుస్తకం. దర్జీ పేజీలు ఒక్కొక్కటే తిప్పాడు, గుడ్డ మడతలు తీసినట్టు నెమ్మదిగా, ‘పడిపోయింది’లు చదువుతూ ఒకచోట నవ్వబోయి ఆగాడు. తర్వాత ఆ పేజీ వచ్చింది. పిల్ల తన ఎడమచెయ్యి కాగితం మీద పరిచి చుట్టూ పెన్సిలుతో గీసుకున్న బొమ్మ. ప్రతి వేలి పక్కనా కణుపు కణుపుకీ కొలత వేసింది, మధ్యవేలు, ఉంగరంవేలు, చూపుడువేలు, చూపుడువేలి పక్కన మూడు అంకెలు, కింద చిన్న అక్షరాల్లో ‘నాన్న టేపుతో కొలిచాను, రెండుసార్లు’. దర్జీ తన వేలు తీసుకెళ్లి ఆ పెన్సిలు వేలి మీద పెట్టాడు. దర్జీ వేలు లావు, గీత కనపడకుండా పోయింది.

‘‘కొలతలు సరిగ్గా తీసిందండీ,’’ అన్నాడు. వేలు తీసి, ‘‘ఇంట్లో కూడా మీ మాటే. మా పని నేర్పుతుంటే చెయ్యి తీసెయ్ నాన్నా, సార్ అయితే ముట్టుకోరు అంటుంది. మాకలా కుదరదు మాస్టారూ. మిషను మీద కూర్చోబెట్టినప్పుడు వాళ్ల చెయ్యి గుడ్డ మీద, నా చెయ్యి వాళ్ల చేతి మీద. సూది దిగితే ముందు నా వేల్లో దిగాలి. మా అయ్య నాకలాగే నేర్పాడు.’’ ఎడమచెయ్యి ఎత్తి చూపుడువేలు చూపించాడు, గోరు మధ్యలో తెల్లటి గీత. ‘‘ఇది దాని దెబ్బే. ఏడేళ్లప్పుడు. ఎంత ఏడ్చిందో, నాకు గుచ్చుకుంటే అది ఏడ్చింది.’’ అని చిన్నగా నవ్వి, ‘‘అయినా మీది పెద్ద చదువు, మీ పద్ధతి మీది. క్షణంలో జరిగినదానికి ఎవరేం చేస్తారు,’’ అన్నాడు.

ఇంత మంచితనం మీద పడితే మనిషి తట్టుకోలేడు. తిట్టి ఉంటే బాగుండేది, చొక్కా పట్టుకుని ఉంటే ఇంకా బాగుండేది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు, పిల్లకి కూడా తెలియదు, పిల్ల రేకుకేసి చూస్తోంది గాని తనకేసి చూడలేదు. తెలిసింది రెండిటికే, తనకీ, అప్పుడు వెనకున్న ఈ చేతులకీ. పెద్దమేడం చెప్పమన్న మాట చెప్తూ పోతే మళ్లీ జూన్‌కి బడి, కొత్త పిల్లలు, కొత్త బొమ్మలు, మళ్లీ ఒకటి రెండు మూడు. చెప్తే ఈ మనిషి ఇలా పక్కన చోటివ్వడు, ఇక జన్మలో ఇవ్వడు. అక్కడ ఆ తలుపు తెరుచుకునేలోపు చెప్పాలి, తెరుచుకున్నాక చెప్పినా చెప్పినట్టు కాదు, లోపలినుంచి ఏం వార్త వస్తుందో చూసుకుని చెప్పినట్టవుతుంది.

‘‘క్షణం కాదండీ,’’ అన్నాడు మాస్టారు.

దర్జీ తలతిప్పాడు.

‘‘అమ్మాయి బిగించలేదని ముందే చూశాను. మీట నా పక్కనే ఉంది. తనే చూసుకుంటుందని ఆగాను. పిల్లలు తప్పు చేస్తుంటే నేను లెక్కపెడతాను, పది దాకా. నాలుగు లెక్కపెట్టాను. నాలుగు లెక్కపెట్టేదాకా చేతులు కట్టుకుని చూస్తూ ఉన్నాను.’’

దర్జీ నోటుపుస్తకం మూశాడు, అట్ట మీద అరచెయ్యి పెట్టాడు. గడియారం వైపు చూశాడు. తర్వాత పెదాలు కదిలాయి, పైకే లెక్కపెట్టాడు, గుడ్డ కొలిచేటప్పుడు గజాలు పలికినట్టు, ఒక్కోటీ పూర్తిగా పలికి ఆగి, ‘‘ఒకటి. రెండు. మూడు.’’ ముల్లు ఇంకో గెంతు గెంతేదాకా ఆగాడు. ‘‘నాలుగు.’’

‘‘చాలాసేపండీ,’’ అన్నాడు.

అంతే. కుర్చీ కిర్రుమనలేదు, ఇద్దరిలో ఎవరూ కదల్లేదు. నడవా చివర ఎవరో నేల తుడుస్తున్నారు, తడిగుడ్డ ఇటూ అటూ, మందునీళ్ల వాసన. మాస్టారికి ఏడుపు రాలేదు, వచ్చి ఉంటే సిగ్గుపడేవాడు, ఆ హక్కు పక్కన కూర్చున్న మనిషిది. గడియారం ముల్లు గెంతుతూ పోయింది, లోపల లెక్క మాత్రం ఆగిపోయింది, పొద్దుటినుంచి మొదటిసారి.

దీపం ఆరింది. డాక్టరమ్మ ముఖం మీది గుడ్డ కిందికి లాక్కుంటూ వచ్చి తండ్రెవరని అడిగింది, దర్జీ లేచాడు, మాస్టారు రెండడుగులు వెనకే నిలబడ్డాడు. చూపుడువేలు రెండు కణుపుల దాకా తీసేయాల్సి వచ్చిందండీ, నిలబెట్టాలని చూశాం, కుదరలేదు. మధ్యవేలి నరం కుట్టాం, మెల్లిగా వంగుతుంది, రోజూ చేయించాలి. దర్జీ అన్నీ విన్నాడు, మెడలోని టేపు రెండు చివర్లూ పట్టుకుని, ‘‘గుడ్డ పట్టుకోగలదా అమ్మా?’’ అని అడిగాడు. డాక్టరమ్మకి అర్థం కాలేదు. ‘‘ఎడమచెయ్యి కదండీ, మిషను మీద గుడ్డని నడిపేది ఎడమచెయ్యే,’’ అన్నాడు. పట్టుకుంటుంది, కొత్తగా నేర్చుకోవాలి, పిల్లలు తొందరగా నేర్చుకుంటారు అంది ఆవిడ. మూడు వేళ్లు చాలు అన్న పిల్ల మాట మాస్టారికి నోటిదాకా వచ్చింది, ఓదార్పులా వచ్చింది, వచ్చినందుకు తనని తాను చెంపదెబ్బ కొట్టుకోవాలనిపించింది. పిల్ల మూడు చాలన్నది రోబోకి.

తలుపు రెక్కలు తెరుచుకుని చక్రాల మంచం వచ్చింది. నర్సు ఒక్కతే తోస్తోంది, తెల్లటి కట్టులో ఎడమచెయ్యి గుమ్మడికాయంత అయి పొట్టమీద ఉంది, ముఖం ఇంత చిన్నదై దిండులో కూరుకుపోయింది. గడపపట్టీ దగ్గర ముందు చక్రం ఇరుక్కుంది, మంచం కుదుపుతో ఆగింది, పిల్ల మత్తులోనే ‘‘అబ్బా’’ అంది. దర్జీ ఒక పక్క కడ్డీ పట్టుకుని నడుం పట్టేసి వంగలేక ఎత్తలేకపోయాడు. తలెత్తాడు. మాస్టారి ముఖంలోకి చూడలేదు, భుజాల వైపు, వెనక్కి పోయి కనపడని ఆ చేతుల వైపు చూశాడు.

‘‘అటుపక్క పట్టుకోండి,’’ అన్నాడు.

మాస్టారు లెక్కపెట్టలేదు. పట్టుకున్నాడు. చక్రం గడప దాటింది. పిల్ల కళ్లు సగం తెరిచి నాన్నని చూసింది, ఆ తర్వాత మాస్టారిని చూసింది, నాలుక మొద్దుబారి మాట ముద్దముద్దగా వచ్చింది.

‘‘సార్. నాది ఎవరూ ముట్టుకోలేదు కదా? నేనొచ్చి చేసుకుంటా.’’

దర్జీ వింటున్నాడు. కడ్డీ చల్లగా ఉంది, మాస్టారి రెండు చేతులూ దాని మీదే ఉన్నాయి.

‘‘ఎవరూ ముట్టుకోలేదమ్మా,’’ అన్నాడు. మంచాన్ని చెరోపక్కా పట్టుకుని, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా, వార్డు దాకా తోసుకుంటూ పోయారు.